తారామణికి గంధపు దండ

10 సెప్టెంబర్ 2013, మంగళవారం

నీ ఇంటి గోడకు ఎంతమందిని వేలాడదీశావు? వాళ్ళలో ఎంతమందికి బతికున్నప్పుడు వేళకు ఇంత బువ్వ పెట్టావు?

గురువారం ఇలాగే మొదలుపెట్టాలి. అధ్యక్షులవారికి వందనాలు, పెద్దలకు నమస్కారాలు, అవన్నీ వద్దు. మైకు చేతికి రాగానే సూటిగా ఇదే అడగాలి. ముందు వరుసలో కూర్చున్నవాళ్ళ మొహాలు మాడిపోవాలి.

అడిగే హక్కు నాకుంది. నాచారంలో పటాలు కట్టే కొట్టు పెట్టుకుని కూర్చున్నవాడికి మనుషులు వెనక వైపు నుంచి కనపడతారు. ఇవాళ ఒకడు తండ్రి ఫొటో తెచ్చాడు. తండ్రి చేతిలో బీడీ ఉంది. ఆ బీడీ తీసేయించాలట. పోచారంలో కొత్త ఫ్లాటు కొన్నాడు, గృహప్రవేశానికి ఆఫీసువాళ్ళు వస్తారు. ఆ బీడీ మీదనే కదా నాయనా నిన్ను చదివించాడు అన్నాను. అడ్వాన్సు వెనక్కి ఇమ్మన్నాడు. తీసుకుని పొమ్మన్నాను.

తరువాత ఒక పాత లక్ష్మీదేవి పటం విప్పాను, అద్దం మార్చాలని. ముందంతా తళతళ. వెనక అట్ట తీస్తే బల్లి గుడ్లు, బొద్దింకల రెక్కలు, నల్లగా మురిగిన పూలు. గురువారం ఇది కూడా చెప్పాలి. ఈ లోకం ముందు వైపు అద్దం, వెనక వైపు బల్లి గుడ్లు.

13 సెప్టెంబర్, శుక్రవారం

నిన్న ఉప్పల్ పాత ఊళ్ళో గణపతి మండపం దగ్గర మాట్లాడాను. గొంతు నాదే గానీ మాట నాది కాదు, పైనుంచి దిగింది. నేను ఏ గురువు కాళ్ళ దగ్గరా కూర్చోలేదు. పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డాక కొట్టులో కూర్చుని ఒక్కో అక్షరం కూడబలుక్కుని ధర్మశాస్త్ర గ్రంథం చదువుకున్నవాణ్ణి. అయినా నిన్న ఒక్కడు కదలలేదు.

చివరికి ఇలా అన్నాను: "కన్నతల్లి కడుపు మాడ్చి గడప దాటిపోయిన బిడ్డ, కొడుకు గానీ కూతురు గానీ, ఆ ఇంటికి చచ్చినట్టే లెక్క. నీళ్ళు వదులుకోండి. అది పాపం కాదు, శుభ్రం."

కమిటీ పెద్ద సిద్దయ్య కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. ఉప్పల్‌లో తాతల నాటి కుటుంబం ఆయనది. తల్లి బాలనర్సమ్మ మొన్న శ్రావణంలోనే పోయింది. లేచి వచ్చి నాకు శాలువా కప్పాడు. కొత్తగా కట్టిన భజన హాలులో కార్తీకమాసం అంతా రోజూ నేనే చెప్పాలని అందరి ముందు అనేశాడు. నా పేరు పెద్దక్షరాలతో బ్యానరు మీద వేయిస్తాడట.

ఇంటికొచ్చి అన్నం తింటుంటే శ్యామలమ్మ, "గంత మాట ఎందుకనాలె?" అంది. ఏ మాట అంటే మజ్జిగ పోసి లోపలికి వెళ్ళిపోయింది. నా భార్య ఒక్కతే నా ప్రసంగానికి లేచి నిలబడని మనిషి.

16 సెప్టెంబర్, సోమవారం

సిద్దయ్య కొట్టుకు వచ్చాడు. రెండు ఫొటోలు. ఒకటి తల్లిది. ఇంకొకటి ఒక పడుచుపిల్లది, ఏదో పెళ్ళి గ్రూపు ఫొటోలోంచి కత్తిరించింది.

"మా చెల్లె స్వామీ. ఇద్దరికీ ఒక్క తీరు కట్టు. బొట్టు, గంధపు దండ. పెద్దలకిచ్చే పెత్రమాసలోపు గోడకెక్కాలె."

నేనేమీ అడగలేదు. ఎలా పోయింది, ఎప్పుడు పోయింది అని పోయినవాళ్ళ గురించి గుచ్చి గుచ్చి అడగడం మా పనిలో లేదు. దండ అన్నారంటే దండే. పిల్ల భుజం మీద ఎవరిదో చేయి పడి ఉంది, గాజుల చేయి. ఎవరిదని అడిగితే, "మా అమ్మది. కనబడకుంట జేయ్" అన్నాడు. కోయనక్కర్లేదు, చుట్టూ తెల్ల అట్ట కిటికీలా కోసి పైన పెడితే చేయి దాని కిందకు పోతుందని చెప్పాను. మంచి పనివాడివన్నాడు.

18 సెప్టెంబర్, బుధవారం

నిమజ్జనం. కొట్టు తెరవలేదు. సాయంత్రం చెరువు వైపు వెళ్ళి, రంగు నీళ్ళలో తేలుతున్న విరిగిన తొండాలు, చేతులు చూసి తిరిగి వచ్చేశాను.

21 సెప్టెంబర్, శనివారం

సిద్దయ్య ఇంట్లో రెండు పటాలూ నేనే మేకు కొట్టి వేలాడదీశాను. దక్షిణం గోడకు. ఆ ఇంట్లో గోడలన్నీ మెట్రో పనుల దుమ్ము. వేలితో గీస్తే గీత పడుతుంది. దుమ్ము తుడిచి, దండలు సర్ది, రెండింటికీ కుంకుమ బొట్టు పెట్టాను.

సిద్దయ్య భార్య కౌసల్యమ్మ అత్త పటం ముందు దీపం పెట్టింది. రెండోదాని ముందు పెట్టలేదు. మొహం పక్కకు తిప్పుకుని నిలబడింది. ఆడబిడ్డ మీద ఎంత కోపమున్నా పోయినవాళ్ళతో పంతం పనికిరాదని గట్టిగా చెప్పాను. పితృదేవతలు ఇలాంటి ఇళ్ళను ఎలా వదిలిపోతారో గ్రంథంలోంచి వినిపించాను. "గట్లనే స్వామీ" అని దీపం పెట్టింది. అగ్గిపుల్ల రెండుసార్లు ఆరిపోయింది. ఆడవాళ్ళ కక్షలు చచ్చినా చావవు. ఛీ.

26 సెప్టెంబర్, గురువారం

మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. మనిషికంటే ముందు వాసన వచ్చింది. జవహర్‌నగర్ చెత్తగుట్టల వాసన, కాలిన ప్లాస్టిక్కూ పుల్లటి కుళ్ళూ కలిసినది. కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. ఆమె చూసింది. కొట్టులోకి వేసిన కాలు వెనక్కి తీసుకుని బయటే నిలబడింది.

"చెత్త ఏరేకాడ పని అన్నా. నాకైతే తెలుస్తలేదు. జర దూరంగనే ఉంట."

కొంగులోంచి వక్కల సంచి తీసింది. పాత రవిక గుడ్డలు అతికి చేత్తో కుట్టినది. నోటికి తాడు, లాగితే మూసుకుంటుంది. "మా అమ్మది. ఎలుకలు కొరుకుతున్నయి. అద్దంల వెట్టియ్యాలె. లోతుగ డబ్బ లెక్క జేస్తరట గద."

అప్పుడు తలెత్తి చూశాను. కుడి కనుబొమ్మ మీద అడ్డంగా గీత.

ఆ గీత నాకు తెలుసు. సిద్దయ్య తెచ్చిన ఫొటో మీద మరక అనుకుని మెత్తటి గుడ్డతో తుడిచాను. పోలేదు, పాత దెబ్బ. దాని పైన కుంకుమ పెట్టింది ఈ వేలే.

పేరడిగాను. తారామణి. ఉప్పల్ బాలనర్సమ్మ బిడ్డ.

తనే చెప్పుకుపోయింది. వేరే కులం లారీ డ్రైవరును చేసుకుందట. అన్న బయటికి తోసి తలుపు వేశాడట. తల్లి మాత్రం చెంగిచెర్ల పొలం చూసి వస్తానని ఇంట్లో చెప్పి, బస్సెక్కి జవహర్‌నగర్ వచ్చేదట. ఆ గుడిసె ముందు కాళ్ళు బార్లా చాపుకుని, ఆకూ వక్కా నములుతూ, అల్లుడి మీద జోకులేస్తూ సాయంత్రం దాకా ఉండేదట. ఆఖరిసారి వచ్చినప్పుడు సంచి మరిచిపోయింది. తల్లి చచ్చిపోయిన సంగతి ఉప్పల్‌లో ఆకులమ్మే రాములమ్మ చెబితే తెలిసింది, అప్పటికి దినాలు కూడా అయిపోయాయి.

వారం తరువాత రమ్మన్నాను. ఆమె వెళ్ళాక చేతులు సబ్బుతో కడుక్కున్నాను. మళ్ళీ కడుక్కున్నాను.

నేను పటాలు కట్టేవాణ్ణి. తెచ్చిన ఫొటోకు అద్దం వేస్తాను. అంతవరకే.

27 సెప్టెంబర్

సంచి ముట్టుకోలేదు. కంపు.

29 సెప్టెంబర్, ఆదివారం

సిద్దయ్య ఇంటికి వెళ్ళాను. కడిగేద్దామనే వెళ్ళాను. దారి పొడుగునా ఏ శ్లోకంతో మొదలుపెట్టాలో అనుకుంటూ నడిచాను.

ఆయన చాయ్ తెప్పించాడు. నేను నోరు తెరవకముందే నా మొహం చూసి అర్థం చేసుకున్నాడు. దాచలేదు కూడా. చెంగిచెర్ల పొలం తల్లి పేరు మీద ఉంది. ఇప్పుడు తన పేరు మీద విరాసత్ కావాలి, అంటే వారసుడు తనొక్కడే అని తేలాలి. చుట్టూ కాలనీలు లేచాయి, అడుగు నేల కోసం మనుషులు తిరుగుతున్నారు. చెల్లె ఉంటే సగం ఆమెకు పోతుంది. అందుకని చెల్లె లేదు.

"పెత్రమాస దాటినంక సోమవారం వీఆర్వో ఇంటికొస్తడు. గోడ జూస్తడు, దండ జూస్తడు. ఇద్దరు పెద్దమనుషులు అవునంటే అయిపాయె. అండ్ల నువ్వొకనివి స్వామీ."

ఆమె బతికి ఉంది కదా అన్నాను.

"నువ్వే గద మైకుల జెప్పినవ్, గడప దాటినోళ్ళు సచ్చినట్టే, నీళ్ళిడుసుకోన్రి, శుభ్రం అని. నేను మస్తు రోజుల సంది గుంజులాడుతున్న. నువ్వన్నంకనే నాకు దైర్నం వచ్చింది."

చాయ్ చల్లారిపోయి మీద మీగడ కట్టింది. అయినా తాగాను.

లేచేటప్పుడు కార్తీకమాసం బ్యానరు నమూనా చూపించాడు. నా ఫొటో బాగానే వచ్చింది.

30 సెప్టెంబర్

గ్రంథం తిరగేశాను. గడప దాటిన ఆడదాని గురించి కఠినంగానే ఉంది. లేదని ఎవరనగలరు? నేను సొంతంగా కల్పించిందేమీ లేదు. అన్న తండ్రి తరువాత తండ్రి. పొలం ఆమె దున్నిందా? అయినా ఇది వాళ్ళ ఇంటి గొడవ. సాక్షి అంటే ఎవరైనా దొరుకుతారు, నేను కాకపోతే ఇంకొకడు. నేనైతే కనీసం భయభక్తులున్నవాణ్ణి.

ఇది రాసి మళ్ళీ చదువుకున్నాను. బల్లి గుడ్లు గుర్తొచ్చాయి.

1 అక్టోబర్, మంగళవారం

శ్యామలమ్మ కొట్టుకు సద్ది తెచ్చింది. మూలకు పెట్టిన సంచి చేతికి తీసుకుంది. వద్దు, చెత్తకుప్ప మనిషిది అంటున్నా వినకుండా తాడు వదులు చేసి ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది.

"ఇది ఆకువక్కల వాసన. మా అమ్మ ఒడి గిట్లనే వాసనొచ్చేది. కంపు ఏడున్నదయ్యా?"

ఎవరిదని అడిగింది. చెప్పక తప్పలేదు, మొత్తం చెప్పాను. అంతా విని టిఫిను డబ్బా మూత పెట్టి, "మరి నువ్వేం జేస్తవ్?" అంది.

చూద్దాం అన్నాను.

"సూసుడేంది? సూస్తనే ఉన్నవ్ గద" అని వెళ్ళిపోయింది.

సద్ది తినలేదు. ఆడదానికి అడగడం తేలిక.

4 అక్టోబర్, శుక్రవారం. పెత్రమాస.

రాత్రి నుంచి పటాకులు. ఢిల్లీలో తెలంగాణకు ఒప్పుకున్నారట. రోడ్డంతా గులాబీ రంగు. పొద్దున దానిమీదే తంగేడు పూల గంపలు, బతుకమ్మ పేర్చడానికి.

గుళ్ళో ఉదయం పోయినవాళ్ళ పేర్లమీద అయ్యగారికి బియ్యం ఇస్తున్నారు. విస్తరాకులో బియ్యం, పప్పు, గుమ్మడికాయ ముక్క, నల్ల నువ్వులు. సిద్దయ్య నన్ను పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. మొదటి విస్తరి బాలనర్సమ్మకు. అయ్యగారు తిథి అడిగాడు, సిద్దయ్య చెప్పాడు. రెండో విస్తరి జరిపాడు. పేరు తారామణి. అయ్యగారు తిథి అడిగాడు.

సిద్దయ్య నోరు తెరిచాడు. చావని మనిషికి తిథి ఎక్కడిది? అయ్యగారు నువ్వులు చేత పట్టుకుని చూస్తున్నాడు. వెనక వరుస అంతా చూస్తోంది. సిద్దయ్య నా వైపు తిరిగాడు.

ఒక్క క్షణం. ఆ ఒక్క క్షణం నేను ఊరుకుంటే చాలు, అంతా అక్కడే తేలిపోయేది.

"తిథి తెలియనివాళ్ళకు అమావాస్యే తిథి" అన్నాను.

శాస్త్రం తెలిసిన మాట. అయ్యగారు నన్ను మెచ్చుకోలుగా చూశాడు. నువ్వులు, నీళ్ళు. తారామణి పేరు మూడుసార్లు.

భోజనంలో పాయసం పెట్టారు. గుడి వెనక గోడ పట్టుకుని మొత్తం కక్కేశాను. అప్పుడు నా నోటి నుంచి వచ్చిన వాసన ముందు జవహర్‌నగర్ ఏపాటిది.

5 అక్టోబర్

తిథి చెప్పింది నేనే. ఆయన కాదు.

6 అక్టోబర్, ఆదివారం

పొద్దున్నే కొట్టు తెరిచి సంచి పని మొదలుపెట్టాను. లోతు పెట్టె చేశాను. వెనక ఎర్ర గుడ్డ పరిచాను. జిగురు పెడితే గుడ్డ కుళ్ళుతుంది, అందుకని సూదీ దారంతో నాలుగు చోట్ల కుట్టాను. లోపల రెండు వక్క ముక్కలు, ఒక సున్నం డబ్బీ. అలాగే ఉంచాను. కుడుతున్నంతసేపూ ముక్కుకు ఏదీ అడ్డం పెట్టుకోలేదు. శ్యామలమ్మ చెప్పిన వాసన అప్పుడు తెలిసింది.

తారామణి మధ్యాహ్నం వచ్చింది. మళ్ళీ బయటే నిలబడింది. లోపలికి రమ్మన్నాను, స్టూలు వేశాను. పెట్టెను ఒళ్ళో పెట్టుకుని అద్దం మీద అరచేయి ఆనించింది. తరువాత అడిగింది, అమ్మ పటం మీరే కట్టారటగా, రాములమ్మ చెప్పింది, ఎలా ఉంది అని. తన దగ్గర తల్లి ఫొటో ఒక్కటీ లేదట. సద్దుల బతుకమ్మనాడు ఉప్పల్ వెళ్ళి, లోపలికి రానివ్వకపోయినా కిటికీలోంచి ఒకసారి చూసి వస్తానంది.

కిటికీలోంచి చూస్తే ఆమెకు ఏం కనిపిస్తుందో నాకు తెలుసు. ఆ గోడ మీద మేకు కొట్టినవాణ్ణి.

చెప్పేశాను. పటం, దండ, వీఆర్వో, పొలం. విస్తరి సంగతి కూడా. తిథి సంగతి కూడా.

ఆమె ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను, అలా అయితే నాకు కొంత హాయిగా ఉండేది. ఆమె నవ్వింది.

"మంచిగ వడ్డనా అన్నా, ఫొటోల?"

మంచిగానే ఉన్నావన్నాను.

"ఏ ఫొటో?"

పెళ్ళి ఫొటో, భుజం మీద మీ అమ్మ చేయి ఉంది అన్నాను. అప్పుడు నవ్వు ఆగిపోయింది. "ఆ చెయ్యి గూడ తీసేసిన్రా?" అంది.

తీయలేదన్నాను. తెల్ల అట్ట కింద ఉంది. విప్పితే కనపడుతుంది.

ఆమె లేచి, పెట్టెను కొంగుతో చుట్టుకుంది. "రేపు నేనొక్కదాన్ని పోయి నిలబడ్తే పిచ్చిదంటరు, దొంగదంటరు. గల్లీల ఎవ్వలు నోరిప్పరు. మీరంటే ఇంటరు. సచ్చిందంటే ఇన్నరు గద, బతికున్నదన్నా ఇంటరు." పొద్దున్నే ఉప్పల్ రింగు రోడ్డు బస్టాపులో నిలబడి ఉంటానని చెప్పింది. వస్తారా అని మాత్రం అడగలేదు.

7 అక్టోబర్, సోమవారం, ఉదయం

స్నానం చేశాను. గ్రంథం తెరిచాను, మూశాను. ఎర్ర గుడ్డలో చుట్టి పైన పెట్టాను. ఇవాళ అందులో వెతకడానికి ఏమీ లేదు. వెతకడమే నా రోగం.

ఆఫీసరు పది దాటాక వస్తాడని సిద్దయ్య కబురు పంపాడు. తెల్ల పంచె కట్టుకుని రమ్మన్నాడు. శాలువా కూడా కప్పుకుంటే బాగుంటుందట.

ఎన్ని సాకులు పుడుతున్నాయో ఈ బుర్రలో, మురుగుకాలువలో పురుగుల్లా. జ్వరం అని పడుకోవచ్చు. వరంగల్ వెళ్ళానని చెప్పించవచ్చు. సాక్షిగా అవుననకుండా, కాదనకుండా, ఊరికే కూర్చోవచ్చు. ఊరుకోవడం అబద్ధం కాదని గ్రంథంలోనే ఎక్కడో చూపించగలను. చూపించగలను, అదే కదా నా విద్య. మండపంలో ముందు వరుసవాళ్ళ మొహాలు మాడ్చాలనుకున్నాను. ముందు వరుసలో కూర్చున్నది నేనే.

కార్తీకం పోతుంది. బ్యానరు చింపేస్తారు. ఉప్పల్‌లో నాకిక మైకు ఉండదు, గుడి మెట్టు ఎక్కనిస్తారో లేదో. అద్దెకొట్టు యజమానికి కూడా సిద్దయ్య బంధువే.

పోనీ. తినగలనా ఆ పాయసం మళ్ళీ?

ఏం చెయ్యాలో నాకు బాగా తెలుసు. మేకులు పీకే పట్టుకారు సంచిలో వేసుకోవాలి. శాలువా ఇంట్లో వదిలెయ్యాలి. రింగు రోడ్డుకు పోవాలి, ముక్కుకు ఏదీ అడ్డం పెట్టుకోకుండా ఆమె పక్కన నడవాలి, పక్కనే, ముందూ కాదు వెనకా కాదు. ఆ గడప ఎక్కాలి. నా చేత్తో కొట్టిన మేకు నా చేత్తో పీకాలి. దండ తెంపాలి. బొట్టు తుడవాలి, అద్దం మీద గుర్తు కూడా మిగలకుండా. అట్ట విప్పి, ఆ భుజం మీద ఆ గాజుల చేయి ఆఫీసరుకు చూపించాలి. ఇదీ తల్లి, ఇదీ బిడ్డ, ఈమె ఇదిగో నిలబడి ఉంది, చచ్చిందని తిథి చెప్పినవాణ్ణి నేనే అని అందరి ముందు అనాలి. మైకు లేకుండా.

శ్యామలమ్మ గుమ్మంలో చెప్పులు వేసుకుని నిలబడి ఉంది. తనూ వస్తుందట. ఇంకా ఏం రాస్తున్నావంటోంది.

నిజమే. ఏం రాస్తున్నావు కనకరాజూ? ఆమె అప్పుడే బస్టాపులో నిలబడి ఉంటుంది. పెన్ను మూయి. రేపు కాదు, సద్దులనాటికి కాదు, ఇవాళే. ఆఫీసరు ఆ గోడ చూడకముందే. లే.